డిస్కు 120, లైను 2400

1983 జూన్‌లో నన్ను జార్జి టౌన్‌లోని ప్రధాన కార్యాలయం నుంచి అంబత్తూరు ఫ్యాక్టరీకి సిస్టమ్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. మా కంపెనీ నీటి పంపులు తయారుచేసేది. ఆఫీసరు అన్న మాట విని ఎవరూ పొరబడవద్దు. నా పైన అసిస్టెంటు మేనేజరు, ఆయన పైన మేనేజరు, అందరి పైన వర్క్స్ మేనేజరు ఉండేవారు. నా కింద ఒక ఆపరేటరు, రెండు ఏ.సి. యంత్రాలు ఉండేవి. ఏ.సి.లు నా మాట వినేవి కావు.

ఆ ఆపరేటరు పేరు మునిరత్నం. వయసు నలభై నాలుగు. తాతల కాలం నుంచి వాళ్ళ కుటుంబం జార్జి టౌన్‌లోనే ఉండేది. అంతకు ముందు పదిహేనేళ్ళు ఆయన మా కంపెనీలో టెలెక్స్ ఆపరేటరుగా, అంటే తీగ మీదుగా టైపు వార్తలు పంపేవాడిగా, పనిచేశాడు. ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చినప్పుడు ఆరు వారాలు శిక్షణ ఇచ్చి ఆ కుర్చీలోంచి ఈ కుర్చీలోకి మార్చారు.

ఆయన చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది ఒకటే. ముందు రోజు తయారైన పంపుల వివరాలు, గిడ్డంగి నిల్వలు కలిపి ఒక ఫైలుగా డిస్కు మీద ఉండేవి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఫైలును టెలిఫోను లైను మీదుగా జార్జి టౌన్‌లోని కంప్యూటరుకు పంపాలి. ఆ లైను మేము అద్దెకు తీసుకున్నది, ఇరవై నాలుగు గంటలూ మాకే. ఫైలు చేరిన తరువాతే అక్కడ లారీలకు ఎక్కించవలసిన సరుకు జాబితా అచ్చయ్యేది. ఫైలులో సుమారు ఆరు లక్షల అక్షరాలు ఉండేవి. పంపడం మొదలైన వేళ, ముగిసిన వేళ మునిరత్నం లాగ్ పుస్తకంలో రాసేవాడు. రోజూ నలభై మూడు నిమిషాలు. ఒక నిమిషం ఇటు, ఒక నిమిషం అటు.

ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవారు. దుమ్ము డిస్కుకు శత్రువు కాబట్టి అది సహేతుకమైన నియమమే. కానీ చెప్పులు విప్పిన మనిషికి చేతులు కట్టుకోవడం, గొంతు తగ్గించడం వాటంతట అవే వస్తాయి. ఆయుధపూజ నాడు డిస్కు పెట్టెకు కుంకుమ పూయడానికి వచ్చినవారిని నేను గుమ్మం దగ్గరే ఆపి, కుంకుమ కూడా దుమ్మేనని చెప్పాను. వాళ్ళు పెద్దగా వాదించలేదు. తలుపుకు పూసి వెళ్ళారు.

సందర్శకులు చెప్పులు విప్పకుండానే యంత్రం పని చూడాలని వర్క్స్ మేనేజరు కోరారు. ఆయన పేరు దేశికన్. తమిళుడు, మెకానికల్ ఇంజనీరు, క్రమశిక్షణ గల మనిషి. అద్దాల గోడకు బయట ఒక తెర పెట్టి, యంత్రం వేగం ఎప్పటికప్పుడు కనిపించేలా నేనొక ప్రోగ్రాం రాశాను. అందులో పెద్ద అక్షరాల్లో రెండే వరుసలు. పై వరుసలో డిస్కు 120. కింది వరుసలో లైను 2400. డైరెక్టర్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ తెర నా పనితనానికి నమూనా అని నేను కూడా అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే.

ఈ అంకెల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. కంప్యూటరుకు తెలిసిన అతి చిన్న ముక్క బిట్టు. ఉంది, లేదు అనే రెండు జవాబుల్లో ఒకటి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, అంటే ఒక అక్షరం పట్టే చోటు. డిస్కులు చేసేవాళ్ళు వేగాన్ని వేల బైట్లలో చెబుతారు. లైను మీద సంకేతాలు పంపే మోడెం చేసేవాళ్ళు బిట్లలో చెబుతారు. రెండు పరిశ్రమలు, రెండు ఆచారాలు. నేను డిస్కు వేగాన్ని డిస్కు పుస్తకం చెప్పినట్టు, లైను వేగాన్ని మోడెం పుస్తకం చెప్పినట్టు లెక్కగట్టి, ఒకదాని కింద ఒకటి పెట్టాను. కొలతల పేర్లు రాయలేదు. రాస్తే తెర చిందరవందరగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

దాని ఫలితం చూడండి. ఆ తెర చూసిన ఏ మనిషికైనా లైను డిస్కు కంటే ఇరవై రెట్లు వేగమైనదని తోస్తుంది. నిజానికి డిస్కే లైను కంటే ఐదు వందల రెట్లు వేగమైనది. ఇంత పెద్ద అబద్ధాన్ని రెండు నిజమైన అంకెలతో చెప్పడం అందరికీ సాధ్యం కాదు.

దేశికన్ గారు ఆ తెర ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచేవారు. అక్టోబరులో ఒక రోజు నన్ను పిలిచి, ఫైలులో అక్షరాలు ఎన్ని అని అడిగారు. ఆరు లక్షలని చెప్పాను. లైను 2400 మీద నిజంగా నడుస్తోందా అన్నారు. నడుస్తోందన్నాను. రాసి ఇవ్వమన్నారు. పరీక్ష చేసి, లైనులో గాని మోడెంలో గాని ఏ లోపమూ లేదని ఒక పేజీ నివేదిక ఇచ్చాను. అందులో ప్రతి వాక్యమూ సత్యమే. ఎందుకు అడుగుతున్నారని నేను అడగలేదు. పై అధికారి ప్రశ్నకు జవాబు చెప్పడం ఉద్యోగం. ఎందుకని తిరిగి అడగడం ఆదివారాలు మా హేతువాదుల సభల్లో నేను చేసే పని. ఈ రెంటినీ అప్పట్లో నేను వేరువేరు అరల్లో పెట్టుకున్నాను.

పది రోజుల తరువాత మునిరత్నానికి చార్జి మెమో వచ్చింది.

చార్జి మెమో అంటే యాజమాన్యం ఉద్యోగి మీద మోపే అభియోగ పత్రం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది తృప్తికరంగా లేకపోతే శాఖాపరమైన విచారణ జరుగుతుంది. ఈ మెమోలో లెక్క స్పష్టంగా ఉంది. ఆరు లక్షల అక్షరాలను 2400తో భాగిస్తే 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పది సెకన్లు. ఆపరేటరు తీసుకుంటున్నది నలభై మూడు నిమిషాలు. అంటే రోజుకు ముప్పై తొమ్మిది నిమిషాల పాటు పనిని ఉద్దేశపూర్వకంగా నెమ్మది చేస్తున్నాడు. దేశికన్ గారి భాగహారంలో తప్పు లేదు.

ఆ ఏడాది షిఫ్టు వేళల విషయమై యూనియనుకూ యాజమాన్యానికీ తగాదా నడుస్తోంది. మునిరత్నం యూనియను సభ్యుడు. కంపెనీ స్టాండింగు ఆర్డర్లలో, అంటే ఉద్యోగుల నడవడికి రాసిపెట్టిన నిబంధనల్లో, పనిని కావాలని నెమ్మది చేయడం తీవ్రమైన తప్పు. దానికి శిక్ష ఉద్యోగం నుంచి తొలగింపు.

మెమో అందిన పూట మునిరత్నం దాన్ని తెచ్చి నా బల్ల మీద పరిచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నేను ఈడ కూచోని ఏం జేస్తా ఉండాను సార్? లైను పోతా ఉంటే చూస్తా ఉండాను. ఎనక నుంచి నెట్టేదానికి అదేమన్నా తోపుడు బండా?” అన్నాడు.

మెమో చదివాను. భాగహారం దగ్గరకు వచ్చేసరికి ఏం జరిగిందో అర్థమైంది. నా ముఖం చూసి ఆయనకు అంతకు మునుపే అర్థమైనట్టుంది.

“మీరు ఆదివారం మీటింగుల్లో జాతకాలు చెప్పేవాళ్ళని నిలబెట్టి అడగతారంట గదా, శని బలం అంటే ఏ కొలతలో కొలిచినారయ్యా అని. నేనూ అట్లే అడగతా. ఆ తెర మీద రెండువేల నాలుగొందలు ఏ కొలతలో సార్?”

సెకనుకు బిట్లు అన్నాను.

“ఆ మాట ఆడ రాసుండాదా?”

లేదన్నాను.

“పెద్దాయనకి తెలుసునా?”

తెలిసే ఉంటుందనుకున్నానన్నాను.

“మీకు తెలుసు గాబట్టి ఊరందరికీ తెలుసనుకున్నారు. సరి. దేవుడు ఉండాడనేవాళ్ళు కూడా ఇట్లదా సార్ అనుకునేది.”

ఇరవై ఏళ్ళ వాదప్రతివాదాల్లో నాకు ఎదురైన దెబ్బల్లో ఇది గట్టిది. ఎదుటివాడికి నీ ఊహ ఆధారం కాదని వేదికల మీద వందసార్లు చెప్పినవాణ్ణి. నా తెర ముందు మాత్రం చూసేవాడు నమ్మితే చాలనుకున్నాను. గుడి పూజారి కూడా విగ్రహం కింద దాని బరువు రాయడు.

నేను దేశికన్ గారి దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. లైనులో లోపం లేదని సంతకం చేసింది మీరే కదా, ఇప్పుడు ఉందంటారా అని అడిగారు. లేదన్నాను. అయితే అంకె తప్పా అన్నారు. తప్పు కాదన్నాను. లోపమూ లేక, తప్పూ లేక నలభై నిమిషాలు ఎక్కడికి పోతాయన్నారు. ప్రతి అక్షరం లైను మీద పది ముక్కలుగా పోతుందని నేను చెప్పబోతే, విచారణకు ఉత్తర్వు వెళ్ళిపోయింది కాబట్టి అక్కడ చెప్పమన్నారు. ఆపైన, నేను యాజమాన్యం తరఫు మొదటి సాక్షినని, సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలని గుర్తు చేశారు. డైరెక్టర్లు మెచ్చిన తెర గురించి విచారణలో చర్చ రావడం నాకు కూడా మంచిది కాదని స్నేహంగా చెప్పారు. ఆయన దుర్మార్గుడు కాడు. చేతికి వచ్చిన అంకెను నమ్మాడు, అంతే. ఆ అంకె చేతికిచ్చినవాణ్ణి నేను.

విచారణ నవంబరులో, క్యాంటీను పక్కన ఉన్న శిక్షణ గదిలో, పగలు పదకొండు గంటలకు మొదలైంది. విచారణాధికారి బయటి నుంచి వచ్చిన ఒక ప్లీడరు. యాజమాన్యం తరఫున సిబ్బంది విభాగం అధికారి ప్రశ్నలు వేస్తాడు. అభియోగం మోపబడ్డవాడు తనకు సాయంగా తోటి ఉద్యోగిని తెచ్చుకోవచ్చు. మునిరత్నం ఎవరినీ తెచ్చుకోలేదు. ఒక గోనెసంచీ తెచ్చుకున్నాడు.

ముందు నన్ను ప్రశ్నించారు. లైను వేగం 2400 అని తెరమీద కనిపించేది సరైనదేనా? సరైనదే. నివేదిక మీదేనా? నాదే. అంతటితో ఆ అధికారి కూర్చున్నాడు. నేను అప్పుడే మిగతాది చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అడిగేదాకా ఆగాను. సాక్షికి అది నియమం. అది నాకు సౌకర్యంగా కూడా ఉంది. ఈ రెండో వాక్యాన్ని దాచి మొదటి వాక్యం మాత్రమే రాస్తే ఈ జ్ఞాపకానికి విలువ ఉండదు.

తరువాత ఎదురు ప్రశ్నలు వేసే వంతు మునిరత్నానిది. ఆయన గోనెసంచీలోంచి ఒక చుట్ట తీసి బల్ల మీద విప్పాడు. అది పాత టెలెక్స్ కాగితపు పట్టీ. వేలెడు వెడల్పు, బారెడు పొడవు, నిండా చిల్లులు. పంపవలసిన వార్తను ముందు ఈ పట్టీ మీద చిల్లులుగా కొట్టుకుని తరువాత యంత్రానికి ఎక్కించేవారు.

ఒక అక్షరానికి ఎన్ని చిల్లుల చోటు ఉందో లెక్కపెట్టమని ఆయన విచారణాధికారిని తమిళంలో అడిగాడు. ప్లీడరు కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టి, ఐదు అన్నారు. ఇది మొదలు, ఇది చివర అని ఆవలి యంత్రానికి తెలియడానికి మరో రెండున్నర చోట్ల కాలం పడుతుందని, మొత్తం ఏడున్నర అని మునిరత్నం వివరించాడు. టెలెక్స్ లైను వేగం యాభై అని ప్రపంచమంతా చెబుతుందని, కాని సెకనుకు పోయేవి ఆరు అక్షరాల చిల్లర మాత్రమేనని చెప్పాడు.

“పదిహేనేండ్లు ఆ మిషను మీద కూచున్నా సార్. సెకనుకి యాభై అక్షరాలు ఎందుకు పంపలేదు అని ఒక్కడూ మెమో ఇయ్యలేదు. ఇప్పుడు కొత్త మిషను వచ్చింది, కొత్త మెమో వచ్చింది” అన్నాడు, నా వైపు తిరిగి తెలుగులోనే. ప్లీడరుకు దాన్ని నేనే తమిళంలో చెప్పవలసి వచ్చింది.

మా లైనులో ఒక అక్షరానికి ఎన్ని ముక్కలు అని అడిగాడు. ఎనిమిది బిట్ల అక్షరం, మొదలుకు ఒకటి, చివరకు ఒకటి, మొత్తం పది అన్నాను. అయితే 2400లో ఎన్ని అక్షరాలు? రెండు వందల నలభై. ప్లీడరు ఎవరినీ అడగకుండా తన కాగితం మీదే భాగహారం చేసుకున్నారు. నలభై ఒక్క నిమిషాల నలభై సెకన్లు. కాగితాన్ని దేశికన్ గారి వైపు తిప్పి చూపించారు. దేశికన్ గారు తన పెన్నుతో మళ్ళీ చేశారు. అదే వచ్చింది.

సిబ్బంది అధికారి అంత తేలిగ్గా వదల్లేదు. లాగ్ పుస్తకంలో నలభై మూడు ఉంది, మిగతా నిమిషం పైచిలుకు మాటేమిటన్నాడు. దారిలో చెడిన ముక్కలను యంత్రం మళ్ళీ పంపుతుందని నేను చెప్పాను. ఫైలు పోతున్న సమయంలో ఆపరేటరు క్యాంటీనుకు వెళ్ళి టీ తాగినట్టు సాక్ష్యం ఉందని ఆ అధికారి అన్నాడు.

“తాగినా సార్. దినామూ తాగినా. నేను తాగకపోతే లైను బిరబిరా పోతుందంటే చెప్పండి, రేపటి నుంచి ఉపవాసం ఉంటా” అన్నాడు మునిరత్నం.

ఆ మాట కూడా నేను తమిళంలో చెప్పాక, విచారణాధికారి నవ్వకుండా ఉండడానికి నీళ్ళు తాగారు. తరువాత నన్ను, డిస్కు 120 అంటే ఏమిటని అడిగారు. నూట ఇరవై వేల అక్షరాలు అన్నాను. వెంటనే నిజాయితీ పొడుచుకొచ్చి, ఇక్కడ వెయ్యి అంటే వెయ్యిన్నీ ఇరవై నాలుగని చెప్పాను. యంత్రం రెండ్ల లెక్కలో నడుస్తుంది కాబట్టి మా వృత్తిలో దాన్నే వెయ్యి అంటామని విన్నవించాను. ఎందుకంటారని అడిగారు. వాడుక అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నేనే విన్నాను. వాడుక అనే జవాబును నేను ఏ సభలోనూ, ఏ పురోహితుడి దగ్గరా ఒప్పుకుని ఎరగను.

చివరి ప్రశ్న మునిరత్నం వేశాడు. “ఆ తెర ఎవరు జేసింది సార్?”

నేనే అన్నాను. కొలతల పేర్లు రాయకపోవడం నా లోపమని, నివేదికలో చెప్పకపోవడం రెండో లోపమని, ఈ అభియోగం ఆ రెంటి వల్ల పుట్టిందని, అలాగే రాసుకోమని కోరాను. రాసుకున్నారు. కింద సంతకం చేశాను.

అభియోగం నిలవలేదు. అయితే యాజమాన్యం ఇచ్చిన ఉత్తర్వులో, దీర్ఘకాల సేవను దృష్టిలో ఉంచుకుని మునిరత్నాన్ని క్షమించడమైనదని ఉంది. ఆయన దాన్ని తీసుకోలేదు. ఏ తప్పుకు క్షమించారో ఆ తప్పు పేరు రాసి ఇస్తే తీసుకుంటానన్నాడు. పన్నెండు రోజులు ఆ కాగితం సిబ్బంది విభాగానికీ కంప్యూటరు గదికీ మధ్య తిరిగింది. చివరకు అభియోగం రుజువు కాలేదని మాత్రమే చెప్పే మరో ఉత్తర్వు వచ్చింది. అది తీసుకుని, తేదీ వేసి సంతకం పెట్టాడు.

తెర మార్చే పని నాకే అప్పగించారు. యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీరు ఒకాయన, లైనును బిట్లలోనే చూపాలని, లోకమంతటా అదే పద్ధతి అని వాదించాడు. లోకమంతటా ఉన్న మోడెం ఇంజనీర్లు అంబత్తూరు వచ్చి మా తెర చూడబోవడం లేదన్నాను. చూసేది వర్క్స్ మేనేజరు, ఆపరేటరు. వాళ్ళ ఫైలు అక్షరాల్లో ఉంది. కాబట్టి వేగం కూడా అక్షరాల్లోనే ఉండాలి. రెండు వరుసలకూ ఒకటే కొలత. వెయ్యి అంటే వెయ్యి. మునిరత్నాన్ని అడిగితే, ఇవన్నీ మీరు మీరు చూసుకోండి, ఎప్పుడు అయిపోతుందో అదొక్కటి ఆడ వెయ్యండి సార్ అన్నాడు. మా అందరి వాదాల్లోకీ పనికొచ్చేది అదే.

కొత్త తెరలో ఇలా వచ్చింది: సెకనుకు అక్షరాలు, డిస్కు 1,23,000, లైను 240, మిగిలిన సమయం ఇన్ని నిమిషాలు. డిస్కు అంకె 120 నుంచి 123 వేలకు ఎందుకు పెరిగిందని ఒకరిద్దరు అడిగారు. డిస్కు వేగం పెరగలేదని, మా వెయ్యి తగ్గిందని చెప్పాను.

మూడో రోజున దేశికన్ గారు ఆ తెర ముందు చాలాసేపు నిలబడి, లోపలికి వచ్చి ఒక ప్రశ్న వేశారు. లైను ఇంత నిదానమైనప్పుడు నిన్న మారని వివరాలను ఇవాళ మళ్ళీ ఎందుకు పంపుతున్నాం? మారినవాటినే పంపేలా ప్రోగ్రాం తిరిగి రాశాను. ఫైలు లక్షన్నర అక్షరాలకు దిగింది, పంపే సమయం పదకొండు నిమిషాలకు దిగింది. ఇక టీకి టైము లేకుండా చేసినారని మునిరత్నం ఆరోపించాడు. ఆ ఆరోపణ రుజువైంది.

ఆ ఏడాది నా పనితీరు మీద పై అధికారులు రాసే రహస్య నివేదికలో, సమాచారాన్ని ప్రదర్శించడంలో శ్రద్ధ చాలలేదని ప్రతికూల వ్యాఖ్య రాశారు. దాని మీద విన్నపం చేసుకోవడానికి ముప్పై రోజుల గడువు ఉండేది. చేసుకోలేదు. వ్యాఖ్యలో తప్పు లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. అంకె పక్కన కొలత లేకపోతే అది సమాచారం కాదు, ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకునే జాతకం. రెండు అంకెలను ఒకదాని కింద ఒకటి పెట్టినవాడు, వాటిని పోల్చమని చెప్పినట్టే. పోల్చకూడనివైతే అక్కడ పెట్టకూడదు. ఏ కొలత ఎంచుకోవాలన్నది యంత్రం చేసినవాణ్ణి కాక, ఆ అంకె చూసి నిర్ణయం తీసుకునేవాణ్ణి బట్టి తేల్చాలి. కొలత తప్పుగా ఉన్నంత కాలం మా ఫ్యాక్టరీ అడిగిన ప్రశ్న, ఎవరు నెమ్మది అని. కొలత సరిగా పెట్టిన మూడో రోజున అడిగిన ప్రశ్న, ఏది అనవసరం అని.